పిల్లల తిండి, పెద్దల తంటా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇద్దరు పిల్లల తల్లిని. వైద్యం నా వృత్తి కాదు. తోటి తల్లిదండ్రులు నన్ను పదేపదే అడిగినవి, ఒకప్పుడు నేనే ఇతరులను అడిగి విసిగించినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. బిడ్డకు ఏదైనా జబ్బు ఉంటే మాత్రం ఆ బిడ్డను చూస్తున్న వైద్యుల మాటే వినండి.

ఏడాది నిండే వరకు చక్కగా తిన్న పాప ఇప్పుడు సగం కూడా తినడం లేదు. జబ్బేమైనా ఉందా?

చాలామటుకు ఉండదు. 3 కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు 9 కిలోలకు చేరుతుంది, అంటే మూడింతలు. అదే జోరు కొనసాగితే మూడో పుట్టినరోజు నాటికి 81 కిలోలు తూగాలి! అందుకే ఒళ్లు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రెండో ఏట పెరిగేది సుమారు రెండున్నర కిలోలు, ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఏడాదికి రెండు కిలోల చొప్పున. పెరుగుదల తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గడం సహజం. ఇంట్లో వాళ్లకు మాత్రం నిరుటి గిన్నె కళ్లముందు మెదులుతూ ఉంటుంది.

ఒక పూట, ఒక రోజు లెక్క చూడకండి. వారం మొత్తం మీద ఏమేం తిన్నదో గుర్తు చేసుకోండి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎదుగుదల చార్టులో పాప తన గీత వెంటే వెళుతోందా లేదా అన్నది అసలు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలను ఇందుకోసం చాలా దేశాల్లో వాడుతున్నారు. కింది గీత మీద నిలకడగా సాగే సన్నపాటి పిల్ల గురించి దిగులు అక్కర్లేదు. పై గీత మీద నుంచి ఒక్కసారిగా కిందికి జారుతున్న పిల్ల విషయంలోనే జాగ్రత్త పడాలి.

ఎంత తినాలో చిన్నపిల్లలకు ఏం తెలుస్తుంది? మనమే కదా చూసుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

అమెరికాకు చెందిన ఆహార నిపుణురాలు ఎలిన్ శాటర్ భోజనం పనిని రెండుగా పంచింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దల వంతు. పెట్టినవాటిలో ఏది తినాలి, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నవి పిల్లల వంతు. వినడానికి ఇంతే. ఆచరణలో మాత్రం మనం మన వాటాను గాలికి వదిలేసి పిల్లల వాటాలో తలదూరుస్తాం. ఏం వండాలో పిల్లవాణ్ని అడుగుతాం, ఎన్ని ముద్దలు తినాలో మనం లెక్కపెడతాం. సరిగ్గా తలకిందులు.

పిల్లలకు తమ ఆకలి తెలుసా అని పరీక్షించి చూసిన మనిషి ఒకరున్నారు. క్లారా డేవిస్ అనే వైద్యురాలు పాలు మాన్పించే వయసున్న 15 మంది పిల్లలను నెలలు, కొందరినైతే ఏళ్ల తరబడి గమనించి, 1939లో తన పరిశీలనలన్నిటినీ క్రోడీకరించింది. మొత్తం 34 పదార్థాలు ఎంచుకుని, పూటపూటకూ కొన్నింటిని వేర్వేరు గిన్నెల్లో పెట్టేవారు. నర్సు చెంచా పట్టుకుని పక్కన కూర్చుంటుంది. బిడ్డ ఒక గిన్నె వైపు చెయ్యి చాపితేనే చెంచా కదులుతుంది. తినమనదు, వద్దనదు, మొహంలో మెచ్చుకోలు కూడా చూపదు. పిల్లలు చిత్రంగా తిన్నారు. ఒక పూట అర లీటరు కమలాపండ్ల రసం, కాలేయం. ఇంకో పూట నాలుగైదు గుడ్లు, అరటిపండ్లు, పాలు. అయినా అందరూ పుష్టిగా పెరిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో వచ్చిన ఒక పిల్లవాడు పక్కన గ్లాసులో పెట్టిన చేప నూనెను తనంతట తానే తాగాడు. ఎముకలు బాగుపడ్డాక దాన్ని ముట్టలేదు.

ఇలాంటి ప్రయోగం ఇవాళ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఇందులో గమనించాల్సిన కిటుకును డేవిస్ తానే బయటపెట్టింది. ఆ 34 పదార్థాల్లో చక్కెర లేదు, దాదాపు అన్నీ సాదాసీదా సహజ పదార్థాలే. పిల్లలు ఏది ఎంచుకున్నా నష్టం లేకుండా ముందే ఏరి పెట్టారు. పెద్దల అధికారమంతా బజారులో, వంటింట్లో చూపించాలి. పళ్లెం పిల్లల ముందు పెట్టాక ఇక మన పాత్ర ముగిసినట్టే.

“ఇంకొక్క ముద్ద” అంటే తప్పేమిటి?

తప్పు అనను. అది పనిచేయదు, అంతే. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో బడి ఈడుకు రాని పిల్లలకు సూప్ ఇచ్చారు. ఒక రకం సూప్ ఇచ్చిన ప్రతిసారీ “పూర్తిగా తాగేయండి” అని మెల్లగా గుర్తుచేశారు, రెండోదానికి ఏమీ అనలేదు. చెప్పి తాగించిన సూప్‌నే పిల్లలు తక్కువ తాగారు, దాని గురించే ఎక్కువగా మూతి విరిచారు.

ఒకసారి చెంచా అటువైపు నుంచి ఆలోచించండి. మీరు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కాళ్లు నేలకు అందడం లేదు. మీకంటే నాలుగింతలున్న మనిషి ఒకరు మీ నోటి ముందు చెంచా ఊపుతూ, మీరు మాట్లాడటానికి నోరు తెరవగానే లోపలికి తోసేస్తున్నారు. అది చల్లారిపోయింది. మెడ తిప్పితే చెంచా కూడా వెంట తిరుగుతోంది. ఆ పరిస్థితిలో పెదవులు బిగించడం మొండితనమేమీ కాదు, తనకు మిగిలిన ఏకైక ఉపాయం.

కడుపు నిండిందని బిడ్డ మాటలతో చెప్పలేదు. తల పక్కకు తిప్పడం, చెంచాను తోసేయడం, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టడం, గిన్నెతో ఆటలు మొదలుపెట్టడం, ఇవే ఆ భాష. వీటిని పదే పదే పట్టించుకోకపోతే కొన్నాళ్లకు ఆ బిడ్డ కూడా తన కడుపు మాట వినడం మానేస్తుంది.

కూరగాయలు కనిపిస్తే చాలు పళ్లెం నెట్టేస్తాడు. ఎన్నిసార్లు పెట్టి చూడాలి?

చాలా ఇళ్లలో మూడు నాలుగు సార్లకే “వాడికి పడదు” అని తీర్పు ఇచ్చేస్తారు. పరిశోధనల్లో మాత్రం పిల్లలు కొత్త రుచిని ఒప్పుకోవడానికి 8 నుంచి 15 సార్లు కూడా పట్టింది.

రెండో ఏడు వచ్చేసరికి కొత్త ఆహారమంటే భయం మొదలవుతుంది, ఐదారేళ్ల వరకు ఉంటుంది. కారణం ఊహించడం కష్టం కాదు. నడక వచ్చిన బిడ్డ కనిపించిన ఆకునల్లా నమిలితే ప్రాణానికే ముప్పు. దానికి తోడు చేదు పిల్లల నాలుకకు మనకంటే ఎక్కువగా తగులుతుంది. మనకు కమ్మగా ఉన్న ఆకుకూర వాళ్లకు నిజంగానే చేదు కావచ్చు. నటన అనుకోకండి.

మా చిన్నవాడి బీట్‌రూట్ కథ చెబుతాను. మొదటి వారం పళ్లెంలో చిన్న ముక్క ఒకటి ఉంటే దాని చుట్టూ తిన్నాడు, అది ముట్టుకున్న మెతుకులను కూడా వదిలేశాడు. రెండో వారం వేలితో పొడిచి, వేలు ఎర్రబడిందని సంబరపడి, ఆ వేలితో పళ్లెం అంచున గీతలు గీశాడు. ఆ తర్వాత నాలుక కొన తాకించి, మొహం నలిపి, నీళ్లు తాగాడు. మరోసారి నమిలి ఉమ్మేశాడు. నేను ఒక్క మాటా అనకుండా కూర్చోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. సుమారు రెండు నెలలకు ఒక రాత్రి ముక్క మాయమైంది. కింద పడేశాడేమోనని బల్ల కిందికి వంగి చూశాను. లేదు. ముట్టుకోవడం, వాసన చూడడం, నాకడం, ఉమ్మడం, ఇవన్నీ తినడానికి మెట్లే. ఒక్కో మెట్టు దగ్గర “ఛీ, తిండితో ఆటలా?” అని కసిరితే బిడ్డ మళ్లీ కిందికి దిగిపోతుంది.

పెట్టేటప్పుడు కొత్తది గోరంత చాలు. పక్కన బిడ్డకు నచ్చేది ఒకటి తప్పకుండా ఉండాలి, అప్పుడు ఆకలితో లేచిపోతాడన్న భయం మీకు ఉండదు. నచ్చలేదన్నాడని లేచి వేరే వంట మాత్రం చేయకండి.

కూరగాయలను మెత్తగా చేసి కనబడకుండా కలిపేస్తే?

పోషకాల కోసమైతే కలపండి. కానీ దాచిన క్యారెట్ తిన్న బిడ్డకు క్యారెట్ అలవాటు కాదు. కనిపించేలా మరో ముక్క పళ్లెంలో ఉండనివ్వండి. దొంగచాటు బయటపడితే మాత్రం పిల్లలు మీరు దాన్ని కలిపిన వంటకాన్ని కూడా మానేస్తారు, అది గుర్తుంచుకోండి.

కూర తింటే స్వీటు ఇస్తానని చెప్పవచ్చా?

ఆ పూటకు గట్టెక్కుతారు. బిడ్డ నేర్చుకునేది మాత్రం ఇది: కూర అనేది లంచం ఇస్తే తప్ప ఎవరూ తిననిది, స్వీటు అనేది కష్టపడితే దక్కేది. తీపి పెట్టే రోజున అందరికీ కొద్దికొద్దిగా, తిన్నా తినకపోయినా పెట్టేయండి. భోజనంతో పాటే పళ్లెంలో పెట్టేవాళ్లూ ఉన్నారు. మొదట్లో ముందుగా దాన్నే తింటారు. కొన్ని వారాలకు ఆ ఉబలాటం తగ్గుతుంది.

చక్కెర ఎంతవరకు ఫరవాలేదు? తీపి తింటే పిల్లలు అదుపు తప్పుతారంటారు, నిజమేనా?

రెండేళ్లలోపు విడిగా కలిపే చక్కెర అసలు వద్దని, 2 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. అంటే ఆరు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోజు మొత్తం శక్తిలో చక్కెర వాటా 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. పళ్లరసంలో, తేనెలో ఉండే చక్కెర ఇందులోకే వస్తుంది, పండులో ఉన్నది రాదు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాములు ఉంటుంది. ఇంకేమీ తినకుండానే ఆ రోజు పరిమితి దాటిపోయినట్టు.

అదుపు తప్పడం మాత్రం అపోహ. ఎవరికి చక్కెర ఇచ్చారో ఎవరికీ తెలియకుండా చేసిన పరీక్షల్లో తేడా కనబడలేదు. 1994లో వచ్చిన ఒక అధ్యయనం నాకు భలే ఇష్టం. అబ్బాయిలందరికీ చక్కెర లేని తీపి పానీయమే ఇచ్చి, సగం మంది తల్లులతో “మీ వాడికి చక్కెర బాగా పట్టించాం” అన్నారు. ఆ తల్లులు తమ కొడుకులు మరీ అల్లరి చేశారని రాశారు. అంతేకాదు, వాళ్లు పిల్లల వెనకాలే తిరుగుతూ తప్పులు కూడా ఎక్కువగా పట్టారు. పుట్టినరోజు విందులో అల్లరికి కేకును నిందించకండి. ఇరవై మంది పిల్లలు ఒక గదిలో ఉంటే చాలు. చక్కెరను తగ్గించడానికి పళ్లు పుచ్చిపోవడం, ఆకలి చచ్చిపోవడం చాలినన్ని కారణాలు.

భోజనం ముట్టడు గానీ పాలు ఎన్ని ఇచ్చినా తాగుతాడు. పాలు బలమే కదా?

బలమే. కానీ లీటరు పాలలో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు, ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 7 మిల్లీగ్రాముల దాకా కావాలి. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరు నెలలకే అడుగంటుతుంది. రోజంతా పాలతో కడుపు నింపుకునే బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉంటుంది, లోపల రక్తహీనత పెరుగుతుంటుంది. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరు నుంచి 700 మిల్లీలీటర్ల లోపు చాలు. అది కూడా భోజనానికి ముందు కాదు, సీసాలో కాదు, గ్లాసులో. పాల సీసాతో నిద్రపుచ్చితే ముందు పళ్లు పాడవుతాయి.

పప్పుధాన్యాలు, గుడ్లు, మాంసం, ఆకుకూరలు ఇనుమునిస్తాయి. పక్కన విటమిన్ సి ఉన్న పండు ఉంటే ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం దాన్ని అడ్డుకుంటుంది.

పండ్ల రసం?

ఏడాదిలోపు వద్దు. మూడేళ్ల వరకు రోజుకు 120 మిల్లీలీటర్లు మించకూడదు. పండు ఇవ్వగలిగినప్పుడు రసం ఎందుకో నాకు అర్థం కాదు. దాహానికి నీళ్లున్నాయి.

భోజనానికి గంట ముందు ఏదో ఒకటి అడిగి తింటారు. చిరుతిండి మానేయించాలా?

మానేయకూడదు. చిన్న పొట్ట మూడు పూటలతో సరిపెట్టుకోలేదు. మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, వాటి మధ్య రెండు మూడు గంటల ఎడం. ఆ ఎడంలో నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదు. ఆకలి రుచి ఎరుగదంటారు. బిస్కెట్టు పొట్లం రోజంతా చేతికందుతూ ఉంటే పిల్లలకు అసలు ఆకలే తెలియదు, ఇక రుచి సంగతి ఎక్కడ! చిరుతిండి అంటే చిన్న భోజనం అనుకోండి. పండు, పెరుగు, ఉడికించిన గుడ్డు, ఉడికించి మెదిపిన గింజలు అన్నీ పనికొస్తాయి.

“ఇప్పుడు వంటిల్లు మూసేశాం, మళ్లీ సాయంత్రం తెరుస్తాం” అని నవ్వుతూ చెబితే మూడు రోజులు పేచీ పెడతారు. నాలుగో రోజు గడియారం చూడటం నేర్చుకుంటారు.

ఫోను పెడితేనే నోరు తెరుస్తుంది. ఎలా మాన్పించాలి?

ఫోను ముందు పిల్లలు తినరు, మింగుతారు. ఏం తిన్నారో, ఎంత తిన్నారో తెలియదు. పెద్దలకూ అది సులువుగానే ఉంటుంది, అందుకే మానదు. రోజుకు ఒక్క పూట ఎంచుకోండి, మీరు కూడా కూర్చుని తినే పూట అయితే మంచిది. ఫోనులన్నీ, మీది సహా, వేరే గదిలో పెట్టండి. ఇరవై నిమిషాల్లో తిన్నంత తింటుంది. తర్వాత పళ్లెం తీసేయండి, చిరుతిండి వేళ వరకు ఆగండి. మొదటి వారం తక్కువే తింటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అందువల్ల నష్టం లేదు. ఆ పూట కుదురుకున్నాక రెండో పూట సంగతి చూడవచ్చు.

ఘనాహారం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏవి ప్రమాదం?

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత ఘనాహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తల నిలపడం, ఆసరాతో కూర్చోవడం వచ్చి ఉండాలి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగల సూక్ష్మజీవులు పసిబిడ్డల పేగుల్లో పెరిగి బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి.

అలర్జీ వస్తుందని గుడ్డు, వేరుశనగ రెండేళ్ల దాకా ఆపే రోజులు పోయాయి. అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు వేరుశనగను ముందే అలవాటు చేస్తే ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గిందని 2015లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. తీవ్రమైన ఎగ్జిమా (దురదతో కూడిన చర్మవ్యాధి) ఉన్న బిడ్డకైతే వైద్యులను అడిగాకే పెట్టాలి. ఎవరికైనా మెత్తని ముద్దగానో, పలుచగా కలిపో పెట్టాలి, గింజగా కాదు. గింజలు గింజలుగా ఐదేళ్ల దాకా వద్దు. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయండి. పచ్చి క్యారెట్‌ను తురమండి లేదా ఉడికించండి.

బిడ్డ ఓక్ అని దగ్గుతూ ఎర్రబడితే గొంతు తన పని చేసుకుంటోందని అర్థం, కంగారుపడి నోట్లో వేలు పెట్టకండి. చప్పుడు లేకుండా నోరు తెరుచుకుని ఉండిపోతే అదీ ప్రమాదం. అప్పుడు చేయాల్సిన ప్రథమ చికిత్సను ఘనాహారం మొదలుపెట్టక ముందే నేర్చుకోండి.

తాతయ్య, అమ్మమ్మ వచ్చినప్పుడల్లా చాక్లెట్లు పెడతారు.

నెలకోసారైతే చూసీ చూడనట్టు ఉండండి. రోజూ అయితే “వద్దు” అనకుండా పని మార్చండి: పండ్లు తెచ్చే అధికారం, కోసి పెట్టే అధికారం వాళ్లకివ్వండి. పెద్దవాళ్లు కోరుకునేది పిల్లల మొహంలో వెలుగు, అది చాక్లెట్‌తోనే రావాలని లేదు.

మా అమ్మాయికి పదకొండేళ్లు, కాస్త లావుగా ఉంది. తిండి తగ్గించమని చెప్పనా?

ఆమెతో బరువు మాట ఎత్తకండి. ఈడుకు రాబోయే ముందు ఒళ్లు చేయడం చాలామందిలో మామూలే. ఇంట్లో వాళ్లు బరువు గురించి మాట్లాడటం, వెక్కిరించడం తర్వాత తిండి రుగ్మతలకు దారితీస్తాయని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. చేయదలచిన మార్పు ఇల్లంతటికీ చేయండి: శీతల పానీయాలు కొనడం మానేయండి, అందరూ కలిసి నడవండి, రాత్రి త్వరగా పడుకోండి. ఆమెకు ఒక పళ్లెం, అన్నయ్యకు ఇంకో పళ్లెం అన్న తేడా రాకూడదు.

ఎప్పుడు వైద్యులకు చూపించాలి?

బరువు తగ్గుతున్నా, ఎదుగుదల గీత నుంచి జారుతున్నా. తినేటప్పుడు తరచూ పొలమారినా, దగ్గినా. మట్టి, సుద్ద, ఐసు నములుతున్నా. ఇది ఇనుము లోపానికి గుర్తు కావచ్చు. మలబద్ధకం వదలకపోయినా, ఎందుకంటే కడుపు ఖాళీ కానిదే ఆకలి వేయదు. ఒకప్పుడు తిన్నవాటిని ఒక్కొక్కటే వదిలేస్తూ చివరికి వేళ్ల మీద లెక్కపెట్టే నాలుగు పదార్థాలకు చేరుకున్నా. ఇది పెంకితనం కాదు, చికిత్స ఉన్న సమస్య.

నాకే సగం కూరగాయలు పడవు. పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

చెప్పకండి, వాళ్ల ముందు వేసుకోండి చాలు. రుచుల పరిచయం అసలు కడుపులోనే మొదలవుతుంది. గర్భిణులుగా ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు క్యారెట్ కలిపిన ఆహారాన్ని సులువుగా ఒప్పుకున్నారని 2001లో జూలీ మెనెల్లా అనే పరిశోధకురాలి బృందం చూపించింది. ఆ అవకాశం దాటిపోయినవాళ్లకు భోజనాల బల్ల ఉండనే ఉంది.

నాకు పుట్టగొడుగులు పడవు. ఆ సంగతి దాచాలనుకున్నాను గానీ పిల్లల కళ్లు కప్పలేం. మొన్న మా పెద్దమ్మాయి నా పళ్లెం వంక చూసి, తన ముక్కల్లోంచి అన్నిటికంటే చిన్నదాన్ని ఏరి నా వైపు జరిపింది. “తినకపోయినా ఫరవాలేదమ్మా, పక్కన ఉండనీ. నీకు ఇది ఆరోసారే కదా” అంది.